ఒడిబియ్యం రాయి

రేగులవాడలో కొలతలు కొలవడానికి వచ్చినవాళ్లకు మంచినీళ్లు ఇచ్చే అలవాటు లేదు. దప్పికవుతోందంటే బోరింగు చూపిస్తారు. ఆ బోరింగు చెడిపోయిందన్న సంగతి మాత్రం చెప్పరు. మంచిర్యాల నుంచి గోదావరి ఒడ్డు పట్టుకుని కిందికి వస్తే తగిలే ఊరు అది. ఆ నదిని అక్కడెవరూ గోదావరి అనరు, గంగ అంటారు.

ఆ రోజు జీపు దిగిన అమ్మాయి కూడా నీళ్లే అడిగింది. శంకరవ్వ తన కొత్త డాబా గేటు ముందు నిలబడి, ఆమెను చెప్పుల నుంచి నెత్తిమీది టోపీ దాకా ఒకసారి చూసి, బోరింగు వైపు చెయ్యి చూపింది. అంతటితో ఊరుకోలేదు. చేతిలో పిండిన దుప్పటి ఉంటే, ఆరేసే నెపంతో తీసుకెళ్లి గేటు పక్కనున్న రాయి మీద పరిచేసింది. ఎందుకు పరిచిందో అప్పటికి ఆమెకే సరిగ్గా తెలియదు. కొలిచేవాళ్ల కంట ఏదీ పడకుండా ఉంటే మంచిదని మాత్రం ఆమె వంటికి తెలుసు.

ఆ అనుమానం ఊరికే పుట్టలేదు. శంకరవ్వ పుట్టిన ఊరు ఇప్పుడు నీళ్ల కింద ఉంది. ఆమె చిన్నపిల్లగా ఉన్నప్పుడు మూడు కాళ్ల దుర్భిణి పట్టుకుని కొందరు వచ్చారు. ఏం లేదు, ఊరికే కొలుచుకుపోతున్నామన్నారు. ఆమె బాపు మర్యాదస్తుడు, వాళ్లకు కోడి కోసి పెట్టాడు. వాళ్లు కడుపునిండా తిని, మూతులు తుడుచుకుని, ఊరి చుట్టూ తెల్లరాళ్లు పాతి పోయారు. ఆమెకు పెళ్లై రేగులవాడకు వచ్చిన ఎన్నో ఏళ్లకు ఎక్కడో ప్రాజెక్టు కట్టారు. నీళ్లు పెరిగి పెరిగి, బుద్ధిగా, సరిగ్గా ఆ తెల్లరాళ్ల దాకా వచ్చి ఆగాయి. బాపు పునరావాస కాలనీలో రేకుల కింద మంచమ్మీద కూర్చుని, చచ్చేదాకా ఒకటే మాట అనేవాడు. “గా కోడి మనమే తినేదుండె బిడ్డా.”

జీపులో వచ్చిన అమ్మాయి పేరు మమతారాణి. పెద్దపల్లి పిల్ల. చేతిలో పలకంత కంప్యూటర్ ఉంది. చెడిపోయిన బోరింగును కాసేపు కొట్టి చూసి, తన సీసాలో మిగిలిన నీళ్లు తాగి వచ్చి, అరుగుల మీద ఉన్నవాళ్లందరికీ వినిపించేలా చెప్పింది.

“కాలం మారింది గదా. నెలంత పడే వాన ఒక్క పూటల పడుతున్నది. ఇగ ముందు ముందు గంగ ఎంత దూరం వస్తదో, ఎవరి ఇంటికి ముప్పున్నదో ముందుగాలనే చెప్పే పటం చేస్తున్నం. మనుషులం చేస్తలేం, ఏఐ చేస్తది. పాత వానలు, భూమి వాలు, పైనుంచి తీసిన ఫోటోలు అన్నీ దానికి చూపిస్తే అదే నేర్చుకుంటది. ముప్పున్న ఇల్లు ఎర్రగొస్తది, లేనిది పచ్చగొస్తది. వరదొస్తుందంటే ఎర్ర ఇండ్లకు ముందుగాల ఫోన్ పోతది.”

“ఫోన్ చేసెటందుకే గింత దూరమొచ్చినవా బిడ్డా,” అన్నాడు చాయ్ హోటల్ రాజయ్య.

నలుగురూ నవ్వారు. మమతారాణి కూడా నవ్వేసింది. ఒడ్డు వెంబడి ఊళ్లలో ఒడిబియ్యం రాళ్లు ఉంటాయట గదా, ఆ రాయి ఎక్కడుంటే పాత వరద అక్కడిదాకా వచ్చినట్టు గదా, మీ ఊరి రాయి ఫోటో కూడా కావాలి, వచ్చే వారం వస్తానని చెప్పి వెళ్లిపోయింది. దుప్పటి కింద రాయి చల్లగా కూర్చుని ఉంది.

ఈ రాయి సంగతి చెప్పాలి. గంగను రేగులవాడ తన ఆడబిడ్డ అనుకుంటుంది. పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డ అత్తగారింటికి తిరిగి పోయేటప్పుడు ఒడిలో బియ్యం, పసుపుకొమ్ములు, రవికెగుడ్డ పోసి పంపడం అక్కడి పద్ధతి. వరద వచ్చిందంటే ఆడబిడ్డ వచ్చినట్టే. ఎంత కోపంతో వచ్చినా, ఎన్ని బర్రెలను తోలుకుపోయినా, ఆమె అడుగు ఎక్కడ ఆగిందో అక్కడ రాయి పెట్టి, ఒడిబియ్యం పోసి, పోయిరా తల్లీ అని సాగనంపాలి. రాయి ఒక్కటే. గంగ దాన్ని దాటి వస్తే రాయిని ఆ కొత్త చోటికి ఎక్కిస్తారు, దాటకపోతే అక్కడే ఉంచుతారు. పైకి జరగడమే తప్ప కిందికి జరగడమన్నది లేదు. ఆ రాయికి పసుపు రాసి బియ్యం పోసే హక్కు శంకరవ్వ అత్తగారింటిది.

శంకరవ్వ తన కొడుకుకు ఇల్లు కట్టించింది కూడా ఆ రాయిని చూసుకునే. కొడుకు మల్లేష్ మస్కట్‌లో లారీ తోలుతాడు. ఇంటికి జాగా ఎక్కడ చూడాలన్నప్పుడు ఆమె ఒక్క క్షణం కూడా తడబడలేదు. మొన్నటి పెద్ద వానలప్పుడు చుట్టుపక్కల ఊళ్లు మునిగితే, రేగులవాడలో గంగ రాయి కాళ్లు కడిగి వెనక్కి తిరిగింది. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి. రాయికి పైపక్కన, పోచమ్మ గద్దెకు పోయే పాత తొవ్వను ఆక్రమించి మరీ, ఇటు గోడ అటు గోడకు ఆనించి డాబా లేపారు. దసరాకు కొడుకు వస్తే పాలు పొంగించడమే మిగిలింది. అందాకా పక్కనున్న పాత పెంకుటింట్లోనే శంకరవ్వ, కోడలు నవనీత, ముసలి అత్త పోశవ్వ ఉంటున్నారు.

ఆ వారంలో రాజయ్య హోటల్లో చాయ్ కంటే పుకార్లే ఎక్కువ మరిగాయి. ఎర్ర రంగు పడ్డ ఇంటికి నంబరు ఉండదట. కరెంటు మీటరు పీకుతారట. మీద ఇంకో అంతస్తు వేయనివ్వరట. ఎర్ర ఇళ్లు ఎక్కువైతే ఊరికి ఊరే లేపుతారట. ఈ ‘ట’లన్నీ రాజయ్య నోట్లోనే పుట్టాయి, అయినా ఊరు చుట్టి తిరిగి ఆయన దగ్గరికే వచ్చేసరికి ఆయన కూడా నిజమని భయపడ్డాడు.

“చెల్లె, నీదే కొత్త ఇల్లు,” అన్నాడు శంకరవ్వతో. “గా రాయి నీ గేటుకే ఆనుకోని ఉన్నది. దాన్ని ఫోటో తీసి మిషన్‌కు చూపిస్తే ఏమంటది? రాయిదాకా వచ్చింది, ఇంక నాలుగడుగులు రాదా అంటది. ఎర్రగ పూస్తది.”

“నాకెందుకు చెప్తున్నవన్నా,” అంది శంకరవ్వ. కానీ ఆ మాట చెవిలో జోరీగలాగా తిరుగుతూనే ఉండిపోయింది. ఒక ఊరు నీళ్లపాలైంది. ఇప్పుడు కొడుకు ఎండలో రెక్కలు ముక్కలు చేసుకుని కట్టిన ఇల్లు కూడా ఎవడో కొలిచిన కొలతకు పోవాలా. పాము కరిచినవాడికి తాడును చూసినా భయమేనంటారు. ఈమెను కరిచింది నిజంగానే పాము, కాబట్టి నవ్వేవాళ్లు కాస్త ఆగి నవ్వాలి.

పెద్దపల్లిలో పెళ్లికని ఊరు ఊరంతా డీసీఎం వ్యాను ఎక్కిపోయిన రోజు మధ్యాహ్నం, మోకాళ్ల నొప్పని ఇంట్లో మిగిలిన శంకరవ్వ గడ్డపారతో రాయిని లేపింది. మోకాళ్లు ఆ రోజు ఎంత బాగా పనిచేశాయో చెప్పలేం. రాయి తిరగలి అంత బరువుంది. గోనెసంచి పరిచి, దాని మీదికి దొర్లించి, ఎండిన వాగుబాట వెంట కిందికి లాక్కుంటూ పోయింది. పాత ఇంటి అరుగు మీద పోశవ్వ నులకమంచంలో పడుకుని ఉంది. ఆమెకు చూపు ఆనదని అందరికీ తెలుసు, శంకరవ్వ అటు చూడనైనా లేదు.

“తప్పు నాదే తల్లీ, శిక్ష నాకే వెయ్యి, ఇంటికెయ్యకు,” అని గొణుక్కుంటూ, చాకిరేవు పక్కన రాయిని దించి, పాతి, పసుపు పూసి, నాలుగు గింజలు చల్లింది. గేటు దగ్గర మిగిలిన గుంతలో మట్టి పోసి తొక్కి, బంతిమొక్క నాటింది. లేచి నిలబడ్డప్పుడు భయం వేసింది, నిజంగానే వేసింది. కానీ బాపు కోసిన కోడి గుర్తుకొచ్చి భయాన్ని మింగేసింది.

మరునాడు ఊరు ఊరంతటికీ ఒక్కసారిగా మతిమరుపు వచ్చింది. రాయి జరిగిందని ఒక్కరూ అనలేదు. గేటు దగ్గరి బంతిమొక్కను చూసి బాగుందన్నవాళ్లున్నారు. మమతారాణి వచ్చినప్పుడు రాజయ్యే ముందు నడిచి చాకిరేవుకు తీసుకుపోయి, “మా తాతల కాలం నుంచి గంగమ్మ గాడనే ఉన్నది బిడ్డా,” అని రెండు చేతులూ జోడించి మొక్కాడు. అబద్ధానికి అంత భక్తి శంకరవ్వ ఎన్నడూ చూడలేదు.

మమతారాణి ఫోటో తీసుకుంది. వంగి రాయి అడుగున మట్టిని వేలితో తాకింది. ఏదో అడగబోయి ఆగింది. ఆ ఆగడం శంకరవ్వకు నచ్చలేదు. అడిగేవాళ్లకు ఏదో ఒక జవాబు చెప్పొచ్చు, అడగకుండా పోయేవాళ్లను ఏం చేయాలి. జీపు పోయాక కూడా ఆ పిల్ల వేలికి అంటిన తడిమట్టే ఆమె కళ్లలో మెదిలింది. చుట్టూ భూమి ఎండి బీటలు వారి ఉంటే, రాయి కింద మట్టి ఒక్కటే మెత్తగా ఉంది.

తొలకరి పడి, పత్తిగింజలు పెట్టడం అయిపోయిన రోజుల్లో మమతారాణి మళ్లీ వచ్చింది. ఈసారి జీపు లేదు. బస్సు దిగి, నడుచుకుంటూ, ఒక్కతే వచ్చింది. రాజయ్య హోటల్ దగ్గర ఆగలేదు. నేరుగా శంకరవ్వ ఉన్న పాత ఇంటి అరుగు మీదికి వచ్చి కూర్చుంది. నవనీత లోపల వంట చేస్తోంది. పోశవ్వ మంచంలో అటు తిరిగి పడుకుంది.

“అవ్వా, మీ ఊళ్ల ఎవరినీ నేనేం అంటలేను,” అంది మమతారాణి. “కని మిషన్ మీ ఊరి రాయినొక్కదాన్నే నమ్ముతలేదు.”

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, “మేమేం జెయ్యలే,” అనేసింది శంకరవ్వ.

ఆ పిల్ల పలక తెరిచి చూపించింది. పెద్ద వానలప్పుడు ఆకాశం నుంచి తీసిన ఫోటో అట. నేల బూడిదరంగులో ఉంది, నీళ్లు నల్లగా ఉన్నాయి. చాకిరేవు రాయి దగ్గర ఒక చుక్క మెరుస్తోంది. ఆ చుక్క నల్లటి నీళ్ల నడిమధ్యన ఉంది. నీళ్ల అంచు దానికి చాలా పైన, బంతిమొక్క నాటిన చోటు దాకా వచ్చి ఉంది. శంకరవ్వ ఆ పటాన్ని చూస్తూ కూర్చుంది. తనను ఎవరూ చూడలేదనుకున్న మధ్యాహ్నం, పైన ఒక కన్ను ముందే అన్నీ చూసుకుని కూర్చుందన్నమాట.

“ఎన్ని ఊర్ల రాళ్లు చూపించినా సక్కగ నేర్చుకున్నది,” అంది మమతారాణి. “గీడికొచ్చి ఆగిపోయింది. గీ రాయి నిజమంటే మీ ఇండ్లన్నీ పచ్చగొస్తయి. రేపు గంగ వస్తే మీకు ఫోన్ రాదు. గందుకే అడుగుతున్న.”

“ఎర్రగొస్తే మా ఇల్లు తీసేస్తరా? సక్కగ చెప్పు.”

“నాకు తెల్వదవ్వా. తియ్యరని నేను చెప్పలేను. పటం చేసుడే నా పని. దాన్ని చూసి రేపు పైవాళ్లు ఏం చేస్తరో నా చేతుల లేదు.”

కొలిచేవాళ్ల నోట తెలియదన్న మాట వినడం శంకరవ్వకు అదే మొదటిసారి. ఏమీ కాదమ్మా అని ఉంటే లేచిపోయేది. ఏమీ కాదు అన్నవాళ్లందరి సంగతి ఆమెకు తెలుసు. ఈ పిల్ల మాటలో తీపి లేకపోవడం వల్లే కాలు కదలలేదు.

ఇంతలో నవనీత తలుపు పట్టుకుని నిలబడి, ఎప్పుడూ ఎదురు మాట్లాడని మనిషి, నెమ్మదిగా అంది. “అత్తమ్మా, మీరు పత్తి చేన్లకు పోతరు. గంగ వస్తుందని నాకు ఫోన్ రాకపోతే, ముసలవ్వను ఎత్తుకోని నేనెంత దూరం ఉరుకుతా?”

శంకరవ్వ కొంగు నడుముకు బిగించి లేచింది. “నేనే జరిపిన బిడ్డా. రాజయ్యన్నను గిట్ల అడగకు, ఆయన మొక్కిండు గంతే. నడు, యాడ తీసిన్నో గాడనే పెడుదాం.”

ఇద్దరూ కలిసి రాయిని గోనెసంచిలో పైకి లాక్కొచ్చారు. కిందికి పోయినప్పటికంటే పైకి వచ్చేటప్పుడు బరువు ఎక్కువనిపించింది. దారిలో ఎదురైనవాళ్లు ముఖాలు తిప్పుకున్నారు. రాజయ్య హోటల్ బయట నిలబడి, “ఏందిది చెల్లె, పరేషాన్ చేస్తవా ఊరంతటిని,” అన్నాడు. శంకరవ్వ బంతిమొక్కను పెరికి పక్కన పెట్టి, అదే గుంతలో రాయిని దించి, మళ్లీ పసుపు పూసింది. చేతులు దులుపుకుంది. ఇల్లు పోతే పోనీ, గుండె మీద బరువు దిగిందనుకుంది. మమతారాణి పలకలో చుక్కను పైకి జరిపింది. కాసేపు చూసింది. ఆమె కనుబొమలు విడలేదు.

“ఇంకేమైంది?” అంది శంకరవ్వ.

“పెద్ద వానల ఫోటోతోని సరిపోయిందవ్వా. కని లెక్క ఇంకా సక్కగ కూసుంటలేదు. మీకు పైన ఊరి రాయి, కింద ఊరి రాయి, రెండూ మస్తు ఎత్తుల ఉన్నయి. అవి పెద్ద వానలయి గావు, ఇంకా పాత వరదయి. గాడ అంత ఎత్తు, గీడ అంత ఎత్తు వచ్చిన గంగ, నడుమ మీ ఊరి కాడ వంగి పోతదా? మిషన్ గదే అంటున్నది. మీ రాయి ఇంకా పైన ఉండాలంటున్నది.”

శంకరవ్వకు ఒళ్లు మండిపోయింది. ముందు చెప్పింది అబద్ధం, పట్టుకున్నారు, సరే. ఇప్పుడు ఇల్లు పోతుందని తెలిసి తెలిసి నిజం చెప్పింది. దాన్ని కూడా అనుమానించే ఆ యంత్రానికి అనుమానమే తిండా. అంత చేసిన మనిషికి ఇంతకంటే అవమానం ఏముంటుంది.

“నా పెండ్లైన కాడి నుంచి గీ రాయి గీడనే ఉన్నది,” అంది. “నా చేతులతోని పసుపు రాసిన. నా కొడుకు మీద ఒట్టు. అబద్ధం చెప్పిన్నాడు నమ్మలే, సరే. నిజం చెప్తే గూడ నమ్మకపోతే నీ మిషన్‌కు ఏం గావాలె? మా ఊరే గావాల్నా?”

అరుగు మీద నుంచి నవ్వు వినిపించింది. పళ్లు లేని నోటి నవ్వు. పోశవ్వ మంచంలో లేచి కూర్చుని ఉంది.

“మిషన్ కండ్లు మంచిగున్నయే పిల్లా,” అంది. “ముసలిదాన్ని నేను మర్సిపోయిన గని అది మర్వలే.”

“ఏందత్తా?”

“గా రాయి గీడిది గాదు. నువ్వు ఈ ఇంటికి రాకముందు, మూడు కాళ్ల మిషన్ పట్టుకోని వచ్చిన్రు సర్కారోళ్లు. మీ తల్లిగారి ఊరికి వచ్చినోళ్లే. నీళ్లు యాడిదాక వస్తయని అడిగిన్రు. చెప్తే ఊరు లేపుతరని మీ మామకు భయమైంది. నేను ముందు పట్టుకున్న, మీ మామ ఎనుక పట్టుకున్నడు. పట్టపగలే దించినం. ఊరోళ్లు చూసిన్రు. ఒక్కలు నోరు మెదపలే. ఊరు ఆగింది.” పోశవ్వ ఊపిరి పీల్చుకుని, కోడలి వైపు తల తిప్పింది. “మొన్న పెండ్లినాడు నువ్వు సంచిల ఏసుకోని పోతుంటే సప్పుడు విన్న. కొద్దిగంత ఆనింది గూడ. మా ఇంటి కోడలే అనుకున్న.”

తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడని ఊరికే అనలేదు. శంకరవ్వ తాను ఏదో పెద్ద తప్పు, పెద్ద తెలివి చేశాననుకుంది. ఆ తెలివి ఆ ఇంట్లో ముందే పుట్టి, ముసలిదై, మంచమెక్కి కూర్చుంది.

“మరి ఇల్లు కట్టేటప్పుడు ఎందుకు చెప్పలేదు?” అడిగింది శంకరవ్వ. “రాయిని చూసే గదా జాగ చూసింది. నీ ముందరనే గదా ముగ్గు పోసింది. నీ మనుమని ఇల్లు గదా అత్తా.”

పోశవ్వ నవ్వు ఆగిపోయింది. “యాదికి లేదే పిల్లా. ఒట్టు. శానేండ్లు పసుపు రాస్తే అబద్ధం గూడ దేవుడైతది. నేను గూడ గా రాయికే మొక్కిన. గంగ దీన్ని దాటదని నేను గూడ నమ్మిన. మొన్న నువ్వు దించినవు సూడు, గప్పుడు యాదికొచ్చింది. ఎవరడిగిన్రు నన్ను, చెప్పడానికి?”

“అసలు జాగ యాడ?” అడిగింది మమతారాణి.

“పోచమ్మ గద్దె. మొదటి మెట్టు మీద నిలబడి చేపలు పట్టినం మేము.”

శంకరవ్వ వెనక్కి తిరిగి చూసింది. పోచమ్మ గద్దె ఆమె కొత్త ఇంటి వెనక, ఎత్తు మీద ఉంది. గద్దె మెట్టుకూ తన గేటుకూ మధ్య చూపు మెల్లగా నడిచింది. మధ్యలో ఉన్నది తన డాబా. నీలం రంగు గోడలు, స్టీలు కటకటాలు, కొడుకు మస్కట్ నుంచి పంపిన గాజుదీపం. మెట్టు ఎత్తుకు గీత గీస్తే ఆ గీత కిటికీల పైనుంచి పోతుంది. వరదొచ్చినప్పుడల్లా ఊరు తలదాచుకునే బడి కూడా ఆ గీత కిందనే ఉంది. పెద్ద వానలప్పుడు పిల్లాజెల్లా అందరూ ఆ బడిలోనే, రాయి ఉంది కదా, గంగ రాదు కదా అని ధైర్యంగా నిద్రపోయారు.

ఇన్నాళ్లూ ఆమె బయటివాళ్లను అనుమానించింది. జీపును, దుర్భిణిని, పలకను, ఆకాశంలో కన్నును అనుమానించింది. ఇంట్లో రోజూ మొక్కే రాయిని అనుమానించాలని ఎవరికి తోస్తుంది.

ఆమె మళ్లీ గడ్డపార తీసుకుంది. మమతారాణి సాయానికి వంగితే వద్దని, తానే రాయిని పెళ్లగించింది. చుట్టకుదురు పెట్టుకుని, నవనీతను, ఆ పిల్లను కలిసి ఎత్తమని, రాయిని నెత్తి మీదికి తీసుకుంది. పక్క గల్లీ నుంచి చుట్టూ తిరిగి గద్దెకు పోవచ్చు. కానీ ఒడిబియ్యం రాయి గంగ వచ్చిన తొవ్వలోనే పైకి పోవాలి, పక్కదారి పట్టకూడదు. అది కూడా ఆ ఇంటివాళ్లే పెట్టిన పద్ధతి. ఆ తొవ్వ మీద ఇప్పుడు ఇల్లుంది.

“నవనీతా, దర్వాజ తియ్యి.”

“అత్తమ్మా,” అంది కోడలు, ఏడుపు ఆపుకుంటూ. “ఇంక గడపకు పసుపు రాయలే. పాలు పొంగియ్యలే. ఆయన రాలే. ముందుగాల గంగమ్మను తీసుకపోతరా ఇంట్లకు?”

“ఎట్లైనా వచ్చేదే. తియ్యి.”

తాళం తీసింది నవనీత. శంకరవ్వ వంగి, రాయి తలుపు చట్రానికి తగలకుండా, కుడికాలు ముందు పెట్టి లోపలికి అడుగు వేసింది. మెరుస్తున్న టైల్స్ మీద ఆమె కాళ్ల బురద అచ్చులు పడ్డాయి. హాలు దాటింది. పొయ్యి ఇంకా పెట్టని వంటగది దాటింది. కొత్త సున్నం వాసన వస్తోంది. రాయికున్న తడి పసుపు కరిగి ఆమె చెంప మీదుగా కారింది. కన్నీళ్లో అదో ఆమె చూసుకోలేదు, రెండు చేతులూ రాయికే ఉన్నాయి. మమతారాణి చెప్పులు గడప బయట విడిచి వెనకాలే వచ్చింది. పెరటి తలుపు గుండా బయటికి వచ్చి, ఎత్తెక్కి, పోచమ్మ గద్దె మొదటి మెట్టు మీద శంకరవ్వ రాయిని దించింది.

మమతారాణి చుక్కను అక్కడికి జరిపి, కాసేపు ఆగి, “కూసున్నదవ్వా,” అంది మెల్లగా. పలకలో ఎరుపు, తెల్ల గుడ్డ మీద చారు ఒలికినట్టు, పాకుతూ పోయింది. చాకిరేవు ఎర్రబడింది, రాజయ్య హోటల్ ఎర్రబడింది, పాత పెంకుటిల్లు, బడి, చివరికి చదరంగా ఉన్న కొత్త డాబా.

“ఎర్రగనే ఉండనియ్యి,” అంది శంకరవ్వ. “మిమ్ముల నమ్మి చెప్తలేను. మమ్ముల మేం నమ్మలేక చెప్తున్న. రేపు ఇల్లు తియ్యాలని ఎవరన్న వస్తే, గా వచ్చినోళ్లతోని నేను కొట్లాడుత. గది వేరే ముచ్చట. బడి సంగతి మాత్రం ఇయ్యాల్నే చెప్పు మీవాళ్లకు. పిల్లలను ఇంకో జాగల పండుకోబెట్టాలె.”

ఒడిబియ్యం పోసి, దండం పెట్టుకుని, పెరట్లోకి దిగాక, ఆమె కుండలోంచి చెంబు నిండా నీళ్లు ముంచి మమతారాణి చేతికిచ్చింది.

“తాగు బిడ్డా. కోడి మాత్రం కొయ్య.”

ఆ పిల్లకు కోడి సంగతి తెలియదు. అయినా నవ్వి, చెంబు ఎత్తి గటగటా తాగింది. సాయంత్రం బస్సుకు పోయింది. రాజయ్య హోటల్లో శంకరవ్వను తిట్టేవాళ్లు తిడుతున్నారు. తిట్టనివాళ్లు లేచి తమ గడప దగ్గరి నుంచి గద్దె మెట్టు దాకా కళ్లతో కొలుచుకుంటున్నారు.

దీపాలు పెట్టే వేళకు మల్లేష్ వీడియో కాల్ చేశాడు. లారీలో కూర్చుని ఉన్నాడు, వెనక ఇసుక. రోజూ చేసినట్టే, అవ్వా ఇల్లు చూపియ్యి అన్నాడు. నవనీత ఫోను పట్టుకుంటే శంకరవ్వ లైటు వేసింది. గాజుదీపం వెలిగింది. గోడలు, కిటికీలు, వంటగది ఒక్కొక్కటే చూపించారు. టైల్స్ మీద ముందు తలుపు నుంచి వెనక తలుపు దాకా బురద అడుగులు వరసగా ఉన్నాయి. తుడవబోయిన కోడలిని శంకరవ్వే ఆపింది.

“గవేందవ్వా, ఎవరొచ్చిన్రు ఇంట్లకు?” అడిగాడు మల్లేష్.

శంకరవ్వ ఫోను తన చేతిలోకి తీసుకుంది. కొడుకు ముఖం ఎండకు నల్లబడి, నవ్వుతూ, చిన్న తెరలో కనిపిస్తోంది.

“ఇల్లు మస్తు మంచిగ కట్టినవ్ బిడ్డా,” అంది. “కని గంగ ఇంట్ల కట్టినవ్.”